పారిపోవడానికి ఆమోదం

ఆ ఏడాది చినగెడ్డవలసకు నలభై ఒక్క మంది బాధిత మహిళలు మంజూరయ్యారు.

నలభై ఒకటే ఎందుకంటే ఎవరూ చెప్పలేరు. పైనుంచి వచ్చిన కాగితంలో అలా ఉంది. పక్క ఊరికి ముప్పై మూడే ఇచ్చారని తెలిసి సర్పంచిగారు కాస్త గర్వపడ్డారు కూడా. పథకం పేరు 'గృహిణీ సురక్ష'. ఇంట్లో దెబ్బలు తినే ఆడవాళ్లు ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఎక్కడికి వెళ్లాలి, ఎలా వెళ్లాలి, వెంట ఏం తీసుకెళ్లాలి అన్నది ముందే ఆలోచించుకుని రాసి పెట్టుకోవాలి. అదీ దాని ఉద్దేశం. ఉద్దేశంలో ఏ లోపమూ లేదు. సచివాలయం గడప తొక్కేదాకా అది బాగానే ఉంది.

సచివాలయంలో ఆడవాళ్ల పనులు చూసే సుహాసిని మంచి పిల్ల. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు పట్టుకుని పోలియో చుక్కలకు తిరిగినట్టే ఇల్లిల్లూ తిరిగింది. "మీ ఇంట్లో బాధితులు ఎవరైనా ఉన్నారా అండీ?" అని అడిగింది. అరుగుల మీద కూర్చున్న మగవాళ్లు "లేరమ్మా" అన్నారు. వారం తిరిగేసరికి ఆరుగురు తేలారు.

"ఆరా?" అన్నారు ఫోనులో ప్రాజెక్టు అధికారి విశ్వేశ్వరంగారు. "లక్ష్యంలో పదిహేను శాతం కూడా లేదు. ఆ ఊళ్లో కాపురాలు లేవా?"

అప్పుడు ఈ పథకంలో సంచి ఇస్తారన్న కబురు బయటికి వచ్చింది. మంచి గుడ్డ సంచి, మూడు జిప్పులది. సాయంత్రానికల్లా నలభై ఒక్కరూ నిండిపోయారు. అసిరమ్మ కూడా రాయించుకుంది. ఆమెకు అరవై దాటాయి. మొగుడు పోయి పన్నెండేళ్లయింది.

"భర్త పేరు దగ్గర 'లేరు' అంటే తీసుకోవట్లేదు మామ్మా" అంది సుహాసిని.

"ఉన్నాడనే రాసీ. ఉన్నప్పుడు కొట్టినవన్నీ ఇంకా ఉన్నాయి కదా" అంది అసిరమ్మ.

సంచి కోసం కాకుండా పేరిచ్చిన ఆ మొదటి ఆరుగురిలో దాలమ్మ ఒకతె. జీడిపిక్కలు కొట్టే షెడ్డులో పని. భర్త కూర్మారావు ట్రాక్టరు తోలుతాడు. తాగడు, తాగకుండానే కొడతాడు. అందుచేత ఊళ్లో అతనికి చాలా మంచి పేరు. దాలమ్మ ఇంటి దగ్గర నోరు విప్పలేక షెడ్డు వెనక్కి పిలిచి సుహాసినితో చెప్పుకుంది.

"ఈ రాసుకునీది ఎవులికీ తెలీదు కదమ్మా?"

"అస్సలు తెలీదక్కా. చూడు, పైనే రాసి ఉంది."

నిజంగానే ఫారం నెత్తిన ఎర్ర అక్షరాలతో 'అత్యంత గోప్యం, మూడు ప్రతులు' అని ఉంది.

ప్రశ్నలు చాలా ఉన్నాయి. హింస వారానికా, పక్షానికా, పండుగలకా? పదకొండో ప్రశ్న ఇలా ఉంది: 'వాహనము ఏర్పాటు నిమిత్తము, జరగబోవు హింస గురించి కనీసము రెండు దినములు ముందుగా తెలియజేయగలరా?'

"ఆడికే ముందు తెలీదు కదమ్మా" అంది దాలమ్మ.

"'లేదు' అని పెడితే పేజీ ముందుకు వెళ్లట్లేదక్కా. 'అవును' పెట్టేస్తున్నాను."

చివరి ప్రశ్న, ఎక్కడికి వెళ్తారు? దాలమ్మ అటూ ఇటూ చూసింది. ఆరేళ్లుగా ఆమె మనసులో ఒకే ఇల్లు ఉంది. సముద్రం ఒడ్డున బట్టివానిపాలెంలో ఉండే వరాలుది. ఇద్దరూ చిన్నప్పుడు ఒక్క బడిలో చదువుకున్నారు. వరాలు అనే మనిషి ఉందని కూడా కూర్మారావుకు తెలీదు. దెబ్బలు పడుతున్నప్పుడు దాలమ్మ కళ్లు మూసుకుని ఆ ఇంటికి నడిచి వెళ్లేది. ఇసక దారి, చేపల వలలు, నీలం తలుపు. కూతురు పూర్ణను చంకనేసుకుని వెళ్లేది. ఇప్పుడు పూర్ణకు ఎనిమిదేళ్లు. చంకన పట్టదు. ఈ మధ్య కూర్మారావు చెయ్యి ఆ పిల్ల మీదికి కూడా వెళ్తోంది. అందుకే దాలమ్మ ఇంక ఆగదలచుకోలేదు. ఆ ఇంటి పేరు మొదటిసారి పైకి చెప్పింది.

ఇక వేలిముద్ర వెయ్యాలి. జీడి నూనె తగిలి తగిలి షెడ్డులో ఆడవాళ్ల వేళ్ల మీద గీతలు చెరిగిపోతాయి. యంత్రం మీద దాలమ్మ పది వేళ్లూ వరసగా పెట్టింది. 'వేలు శుభ్రపరచి మరల ప్రయత్నించండి' అంది యంత్రం పదిసార్లూ.

"ఫర్వాలేదక్కా. నీ కార్డుకి కట్టిన ఫోనుకి నంబరు వస్తుంది, అది చెప్తే చాలు."

"నాకు ఫోను లేదు కదమ్మా. ఆయనదే కట్టినారు."

ఆ మాట పూర్తయ్యేలోపే సుహాసిని వేలు తెర మీద పడింది. రెండు మైళ్ల అవతల పొలంలో కూర్మారావు జేబులో ఫోను మోగింది. 'మీ గృహమునకు చెందిన లబ్ధిదారు శ్రీమతి దాలమ్మ తమ రహస్య నిష్క్రమణ ప్రణాళికను నమోదు చేసుకొనుచున్నారు. ధ్రువీకరణ సంఖ్య 4719. దీనిని ఎవరితోనూ పంచుకోరాదు.'

సుహాసిని ఫోను చేసి మర్యాదగా అడిగింది. "అన్నా, ఒక నంబరు వచ్చుంటుంది, చెప్తారా?"

"ఎవులికీ సెప్పొద్దని ఉంది కదమ్మా?"

"అది పరాయివాళ్లకన్నా. మేం గవర్నమెంటు."

కూర్మారావు చట్టాన్ని గౌరవించే మనిషి. చెప్పాడు. వెంటనే అతనికి రెండో కబురు వచ్చింది. 'ధన్యవాదములు. ప్రణాళిక నమోదైనది. చేరుకొను స్థలము: వరాలు గృహము, బట్టివానిపాలెం.'

ఆ సాయంత్రం అతను అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తుండుతో తుడుచుకుని ఒకటే అడిగాడు.

"వరాలెవులు?"

దాలమ్మ మనసులో ఆ నీలం తలుపు మూసుకుపోయింది. తర్వాత జరిగింది పదకొండో ప్రశ్న కిందికి వస్తుంది. రెండు దినములు ముందుగా ఎవరూ తెలియజేయలేదు కనుక వాహనం రాలేదు.

మర్నాడు వాచిన దవడతో వచ్చి "నా పేరు తీసీమ్మా" అంది దాలమ్మ. సుహాసిని కళ్లలో నీళ్లు తిరిగాయి. ట్యాబు పట్టుకుని చాలాసేపు ప్రయత్నించింది.

"తీయాలన్నా నంబరు వస్తుందక్కా. ఆయన ఫోనుకే."

వారం తిరక్కుండా సంచులు వచ్చాయి. మంచి నారింజ రంగు. ఎంత దూరం నుంచైనా కనపడేలా మెరిసే పట్టీలు కుట్టారు. పైన పెద్ద అక్షరాలతో 'నేను సిద్ధం' అని ఉంది. ఎవరి కంటా పడకుండా దాచుకోవాలని లోపల చిన్న చీటీ. కూర్మారావు తన సంచిలో, అంటే దాలమ్మ సంచిలో, పొలానికి అన్నం క్యారేజీ పట్టుకెళ్లడం మొదలుపెట్టాడు.

ప్రభుత్వ పథకం ఏదైనా లబ్ధిదారుల జాబితా గోడకు అంటించాలి, ఏడు రోజులు అభ్యంతరాలు తీసుకోవాలి, గ్రామసభలో చదివి వినిపించాలి. పింఛన్లకు అలాగే చేస్తారు, ఇళ్ల స్థలాలకు అలాగే చేస్తారు. దీనికీ అలాగే చేశారు. పేరు, భర్త పేరు, పారిపోవు మార్గము, దాగు స్థలము, నాలుగు గడులు. ఊరంతా గోడ దగ్గర నిలబడి చదువుకుంది.

"ఓలమ్మో! మా కోడలు మా ఇంటికే పారిపొచ్చేస్తాదట!" అంది ఒక అత్తగారు.

"నా పెళ్లాం పేరు లేదేటి?" అని ఒకాయన తగువు పెట్టుకున్నాడు. "ఆళ్లింటి కాడ సంచి ఉంది, మా ఇంటి కాడ లేదు. నానేటి తక్కువ కొట్నానా?"

సభకు విశ్వేశ్వరంగారు స్వయంగా వచ్చారు. తెల్లని మనిషి, తెల్లని చొక్కా. ఆయన కోపంగా మాట్లాడరు, వివరిస్తారు.

కూర్మారావు లేచి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "బావూ, మా ఆడది ఎల్తానన్న వరాలెవులో నాకు తెలీదు. తెలీని ఇంటికి పెళ్లాన్ని పంపీది ఎలగ? రేపేటైనా అయితే ఎవులు పూచీ?"

సభ తలూపింది. విశ్వేశ్వరంగారు కూడా తలూపారు.

"అభ్యంతరం సహేతుకంగా ఉంది. హింస అన్నది ఇరుపక్షాలకు సంబంధించిన అంశం. ఒక పక్షం చేత ప్రణాళిక వేయించి రెండవ పక్షాన్ని విస్మరించినట్లయితే సహజ న్యాయ సూత్రాలకు భంగం వాటిల్లుతుంది. పారిపోవుట అనేది పరస్పర అంగీకారంతో, ఒక క్రమపద్ధతిలో జరగాలి. మీరు ప్రత్యామ్నాయ స్థలం సూచించండి."

"మా పెద్దప్ప ఉంది బావూ, నా సొంత అక్క. రెండు వీధుల అవతల."

"దగ్గర కూడాను. రవాణా సమస్య లేదు. ఆమోదించడమైనది."

దాలమ్మ లేచి నిలబడింది. జీవితంలో మొదటిసారి సభలో మాట్లాడబోయింది. "బావూ, ఆవిడే కదా నన్ను పట్టుకున్నాది, ఈయన కొట్టినప్పుడు..."

"అభ్యంతరాల గడువు నిన్నటితో ముగిసిందమ్మా" అన్నారాయన ఎంతో దయగా. "మీరు ఏడు రోజుల్లోగా లిఖితపూర్వకంగా ఇచ్చి ఉండవలసింది."

దాలమ్మ కూర్చుంది. పక్కన అసిరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "నా దాగు స్థలం మొగుణ్ని కప్పెట్టిన గొయ్యట. ఆయన ఒప్పుకున్నాడో లేదో అడగమను" అంది గట్టిగానే. సభలో రాసుకుంటున్నాయన ఆ మాట కూడా రాసుకున్నాడు.

ప్రణాళికలన్నీ ఆమోదం పొందాక వాటిని పరీక్షించాలి కదా. నెలాఖరు బుధవారం మాక్ డ్రిల్లు పెట్టారు. ఆమోదించిన స్థలాలు నలభై ఒకటి, బస్సు ఒకటి. కనుక అందరినీ జిల్లా కేంద్రంలో ఉన్న ఆశ్రయ గృహానికే తీసుకెళ్లి, కాసేపు ఉంచి, ఫొటో తీసి, అయిదుకల్లా ఇళ్లకు చేర్చాలని నిర్ణయించారు. పన్నెండేళ్లలోపు పిల్లలుంటే వెంట తెచ్చుకోవాలి. భర్తలకు అదే సమయంలో బడిలో భాగస్వామ్య శిక్షణ, బిర్యానీ పొట్లం. బడి లోపలికి వెళ్లేటప్పుడు వాళ్లది ఒక వేలిముద్ర, సాయంత్రం అయిదుకు ఒక వేలిముద్ర.

డ్రిల్లుకు మూడు రోజుల ముందు సుహాసిని ఇంటింటికీ ఒక కాగితం పంచింది. సంచిలో ఉండవలసినవి: ఆధార్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల పుట్టిన సర్టిఫికెట్టు, రెండు జతల బట్టలు, మందులు, ఖర్చులకు కొంత డబ్బు. అడుగున విశ్వేశ్వరంగారి సంతకంతో ఇలా ఉంది. 'నకళ్లు అంగీకరించబడవు. అసలు పత్రములు లేని సంచి ఖాళీ సంచితో సమానము. అట్టి గృహ యజమాని పేరు విఫల భర్తల జాబితాలో సచివాలయ గోడపై ప్రదర్శించబడును. ఉత్తమముగా సర్దిన సంచికి, భర్తకు, ప్రశంసాపత్రము.'

కూర్మారావు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. ఊళ్లో మంచి పేరున్న మనిషి, విఫల భర్తల గోడ మీద పేరు పడితే ఏమైనా ఉందా? అతని ఇంట్లో ఇనప పెట్టె ఒకటి ఉంది. దాలమ్మ కార్డు, ఆమె బ్యాంకు పుస్తకం, పూర్ణ కాగితాలు ఎనిమిదేళ్లుగా అందులోనే ఉన్నాయి. తాళం చెవి అతని మొలతాడుకు ఉంటుంది. దాలమ్మ ఆ పెట్టె మీద చెయ్యి వేసిన రోజు ఒకటుంది. ఆ తర్వాత మళ్లీ వెయ్యలేదు.

మంగళవారం సాయంత్రం అతను మొలతాడు లాగి పెట్టె తెరిచాడు. కాగితాలన్నీ తీసి, తుడిచి, ప్లాస్టిక్ కవర్లో పెట్టాడు. చీరలు మడత పెట్టడం చూసి దాలమ్మను కసిరాడు.

"అలగ కాదే! మడత కనపడాల. పక్కీధి రామినాయుడు మూడు జతలు పెట్టినాడట. మనం నాలుగు పెడదుం. పిల్లకి జొరం మందు ఎక్కడ? స్వెట్టరు పెట్టు. స్వెట్టరు ఎవుడికీ తట్టదు."

"డబ్బు ఎంత పెట్టమంతావు?" అంది దాలమ్మ నేల చూస్తూ.

"ఎక్కువే పెట్టు. సూసినోళ్లు ఏటనుకుంతారు?"

దాలమ్మ పెళ్లయ్యాక ఆ మనిషి ఆమె ప్రయాణం గురించి అంత శ్రద్ధ పెట్టింది అదే మొదటిసారి.

బుధవారం పదిన్నరకు సుహాసిని ఈల ఊదింది. నలభై ఒక్క మంది నారింజ సంచులతో ఇళ్లల్లోంచి పారిపోయారు. భర్తలు గడపల్లో నిలబడి కెమెరా కోసం చేతులూపారు. విశ్వేశ్వరంగారికి నచ్చలేదు. "పరుగులో ఆవేదన లేదు. మళ్లీ ఇళ్లలోకి వెళ్లండి" అన్నారు. మూడోసారికి నవ్వుకుంటూ కొందరు, రొప్పుతూ కొందరు బస్సెక్కారు. అసిరమ్మ ఇంటి గడపలో ఎవరూ లేకపోవడంతో వీడియో కోసం పంచాయతీ కార్యదర్శిని నిలబెట్టారు.

"టాటా చెప్పు బావూ. బతికున్నప్పుడు ఆయనెప్పుడూ చెప్పనేదు" అంది అసిరమ్మ.

బస్సు దగ్గర సంచుల తనిఖీ. విశ్వేశ్వరంగారు కూర్మారావు సంచి తెరిచి ఒక్కొక్కటే బయటికి తీసి చూశారు. "అద్భుతం. స్వెట్టరు కూడా!" అన్నారు. ప్రశంసాపత్రం అక్కడే ఇచ్చేశారు. కూర్మారావు దాన్ని రెండు చేతులా పట్టుకుని, బస్సులో ఉన్న భార్యకు కిటికీలోంచి చూపించి, బిర్యానీ ఇచ్చే బడివైపు వెళ్లాడు. దాలమ్మ అటు తిరిగి చూడలేదు. పూర్ణ ఒక్కతే చెయ్యి ఊపింది.

బస్సు పెద్ద రోడ్డు ఎక్కాక దాలమ్మ సంచి జిప్పు తీసింది. కార్డు మీద తన ఫొటో పెళ్లయిన ఏటిది. బ్యాంకు పుస్తకం. పూర్ణ పుట్టిన తేదీ. అన్నీ అక్కడే ఉన్నాయి. జిప్పు వేసింది. మళ్లీ తీసింది.

"అమ్మా, మనం సాయంత్రం వచ్చేస్తాం కదా? లెక్కలు చెయ్యలేదు నేను" అంది పూర్ణ.

దాలమ్మ మళ్లీ జిప్పు వేసింది. పక్క సీట్లో అసిరమ్మ ఆ జిప్పు ఎన్నిసార్లు తెరుచుకుందో చూసింది. అడిగేది ఏమీ లేదన్నట్టు కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టింది.

ఆశ్రయ గృహం రెండంతస్తుల పాత మేడ. గేటు దగ్గర వార్డెను కామాక్షి బల్ల వేసుకుని కూర్చుంది. నెరిసిన జుట్టు, నిద్ర చాలని కళ్లు. ఆమెకు ఎవరి మీదా నమ్మకం లేదు, తన రిజిస్టరు మీద తప్ప.

"ఇది ఈ నెల్లో నాలుగో బస్సు" అంది సుహాసినితో. "అందరూ ప్రాక్టీసుకే వస్తున్నారు. సరే, వరసలో రండమ్మా." ఒక్కొక్కరినీ ఒకటే అడుగుతోంది. "డ్రిల్లా, నిజమా?"

"డ్రిల్లు." రాసింది. "డ్రిల్లు." రాసింది. "డ్రిల్లే గానీ టీ ఇస్తారేటి?" అని అసిరమ్మ. రాసింది.

"డ్రిల్లా, నిజమా?"

దాలమ్మ బల్ల ముందు నిలబడి ఉంది. వెనక ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటున్నారు. కామాక్షి తలెత్తి చూసింది. దవడ మీద పసుపుపచ్చగా మారిన మచ్చ చూసింది. పిల్లను చూసింది. పెన్ను పట్టుకుని ఎదురుచూసింది. తొందరపెట్టలేదు.

"నిజం" అంది దాలమ్మ.

కామాక్షి ఆ మాట రాసి, సంచి తీసుకుని, "మేడ మీద రెండో గది. పిల్లకి ముందు అన్నం పెట్టించు" అంది. అంతే.

నాలుగింటికి బస్సు బయలుదేరబోతూ సుహాసిని పేర్లు పిలిచింది. "దాలమ్మ?"

"ఉన్నాను" అన్నది వెనక సీట్లోంచి ఒక గొంతు. కాస్త ముసలి గొంతు.

సుహాసిని కాగితం మీంచి తల ఎత్తింది. వెనక సీటు వైపు చూసింది. తర్వాత మేడ వైపు చూసింది. మళ్లీ కాగితం మీదికి తల వంచి 'దాలమ్మ' ఎదురుగా టిక్కు పెట్టింది.

"అసిరమ్మ?"

"నానూ ఉన్నాను" అంది అదే గొంతు.

"రైట్" అంది సుహాసిని డ్రైవరుతో.

ఊళ్లో దిగేటప్పుడు లెక్కపెడితే నలభయ్యే తేలారు. కూర్మారావు ప్రశంసాపత్రం పట్టుకుని ఖాళీ బస్సులోకి రెండుసార్లు ఎక్కి దిగాడు. "ఏదీ మా ఆడది?" అని అడిగాడు. ఆడవాళ్లు సంచులు భుజాన వేసుకుని ఇళ్ల దారి పట్టారు. విశ్వేశ్వరంగారు ఆశ్రయ గృహానికి ఫోను చేసి దాలమ్మను పిలిపించారు. ఆయన గొంతు అప్పుడు కూడా దయగానే ఉంది.

"చూడమ్మా, మీకు ఆమోదించిన స్థలం మీ ఆడపడుచుగారి ఇల్లు. మీరున్నది ఆమోదం లేని చోట. పైగా ఇది రిహార్సలు మాత్రమే. రేపు నిజంగా ఏదైనా జరిగినప్పుడు నిజంగా వెళ్దురు గాని."

దాలమ్మ ఫోనును రెండు చేతులా పట్టుకుంది.

"జరిగినాకే వచ్చినాను బావూ" అంది.

ఫోను కామాక్షికి ఇచ్చేసింది. ఆమె "రిజిస్టరులో పెన్నుతో రాసేశానండీ, కొట్టివేతలు ఉండకూడదని మీ ఆర్డరే" అని చెప్పి పెట్టేసింది.

ఆ రాత్రి పైకి పంపిన నివేదికలో విశ్వేశ్వరంగారు ఇలా రాశారు. 'డ్రిల్లు సంతృప్తికరముగా ముగిసినది. నలభై మంది లబ్ధిదారులను క్షేమముగా తిరిగి వారి భర్తల ఇండ్లకు చేర్చడమైనది. ఒక లబ్ధిదారు మాత్రము పథకము ఉద్దేశమును అర్థము చేసుకొనలేకపోయినది.'